సాక్ష్యంలో లేని ఎలుక

తాడేపల్లిగూడెం స్టేషన్ బయట, రిక్షాల వెనక గోడకి కట్టిన ఫ్లెక్సీ మీద తన ఫొటో చూసి బ్లెస్సీకి ముందు సిగ్గేసింది. కోపం తర్వాత వచ్చింది. వచ్చీ రాగానే పీట వేసుకుని కూర్చుంది.

తెల్లకోటు వేసుకుని, లేజర్ యంత్రం పక్కన నిలబడి నవ్వుతున్న ఫొటో అది. హైదరాబాద్ ల్యాబ్‌లో స్నేహితురాలు తీస్తే, ముచ్చటపడతాడని నాన్నకి పంపింది. ఆ నవ్వు పక్కన ఇప్పుడు ఎర్రటి అక్షరాలు: 'గోపీనాథ్ నానో లైట్ క్లినిక్. కోత లేదు, నొప్పి లేదు. ఎంత లోతున ఉన్న క్యాన్సర్‌కైనా వెలుగే మందు.' దాని కింద, 'మన ప్రాంతపు ఆడపడుచు కనిపెట్టిన విధానం.'

ఆడపడుచట! చీర పెట్టడం సంగతి దేవుడెరుగు, ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

ఆమె ఆ ఊళ్ళో దిగింది అత్త కోసం. హన్నమ్మ బ్లెస్సీకి మేనత్త, నాన్న నెహెమ్యాకి అక్క. బ్లెస్సీ పొత్తిళ్ళలో ఉండగానే తల్లి పోతే, అప్పటికే మొగుణ్ణి పోగొట్టుకున్న హన్నమ్మ గణపవరం అవతలున్న తమ్ముడి ఇంటికి వచ్చేసి ఆ పిల్లని పెంచింది. జడలు వేసిందీ, చదువుకోనని మొండికేస్తే చీపురు తిరగేసిందీ, హాస్టల్లో దింపి గేటు దగ్గర ఏడ్చిందీ ఆవిడే. ఆ హన్నమ్మకి వానాకాలం మొదట్లో పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. ఏలూరు సర్జన్ చూసి, "ఇప్పుడైతే ఒక్కచోటే ఉంది. కోసి తీసేద్దాం. ఆలస్యం చెయ్యకండి" అన్నాడు. తేదీ కూడా ఇచ్చాడు. బ్లెస్సీ సెలవు పెట్టుకుంది. అంతలో నాన్న ఫోను చేసి, అత్తకి షుగరు ఎక్కువగా ఉంది, తగ్గాక చేస్తారట, కంగారు పడకు అన్నాడు. రెండు నెలలుగా అదే మాట. మొన్న మాత్రం గొంతులో సంబరం దాచుకోలేకపోయాడు.

"ఆపరేషన్ అక్కర్లేదమ్మా. మీ అత్తకి నీ వెలుగుతోనే నయమైపోయింది. గూడెంలో ఒకాయన పెడుతున్నాడు."

ఆ మాట విన్నాక బ్లెస్సీకి అన్నం సహించలేదు. దొరికిన రైలెక్కి వచ్చేసింది.

క్లినిక్ మందుల షాపు పైన, మేడ మీద ఉంది. గోపీనాథ్ అంతకుముందు బొల్లి మచ్చలకి లైట్లు పెట్టేవాడు. ఆ లైటుకే ఎర్ర గాజు బిగించాడు. దాని కింద మంచం మీద హన్నమ్మ వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చీర తప్పించుకుని, కళ్ళు మూసుకుని కీర్తనేదో కూనిరాగం తీస్తోంది. ముఖం సగానికి సగం అయిపోయింది. చెక్కిళ్ళ కింద ఎముక కనిపిస్తోంది.

"వచ్చేశావా బంగారం!" అంది కళ్ళు తెరిచి. "ఇదిగో, నీ దీపమే."

ఏడిస్తే కోపం చల్లారిపోతుందని బ్లెస్సీ ఏడవలేదు.

"లైటు ఆపండి," అంది గోపీనాథ్‌తో.

"రండి మేడం, మీరు వస్తారని అనుకోలేదండీ," అన్నాడతను. నున్నటి మనిషి, నున్నటి గొంతు. "కూర్చోండి. కాఫీ చెప్పనాండీ?"

"ఆపండన్నాను."

ఆపాడు. అత్త చీర సర్దుకుని లేచి కూర్చుంది. బల్ల మీద పసుపుపచ్చటి నీళ్ళున్న సీసా ఉంది. అందులో ఏముందని అడిగింది బ్లెస్సీ.

"నానో బంగారమండీ. తాగించి లైటు పెడతామండీ. మీ పద్ధతేగా."

"నానో అంటే ఏంటో చెప్పండి."

"చిన్నదండీ. బాగా చిన్నది." కాసేపు ఆలోచించాడు. "మొన్న ఆ పేరుతో కారు కూడా వచ్చింది కదండీ."

గోదావరి నీళ్ళు తాగినవాడు అబద్ధానికి కూడా అండీ తగిలిస్తాడు. వినడానికి ఎంత ఇంపుగా ఉంటుందంటే, మోసపోయామని ఇంటికి వెళ్ళేదాకా తెలియదు. బ్లెస్సీ ఆ ఇంపులోనే పుట్టి పెరిగింది కాబట్టి ఆమె మీద అది పని చేయలేదు.

"మేము కణాలని నీళ్ళలో కలిపి తాగించం. సూదితో నరంలోకి ఎక్కిస్తాం. అవి గడ్డలో చేరాక బయట నుంచి కంటికి కనపడని కాంతి వేస్తాం. ఎర్ర లైటు కాదు. కణాలు ఆ కాంతిని తీసుకుని లోపల మామూలు వెలుగు ఇస్తాయి. ఆ వెలుగు తగిలితేనే గడ్డలో ఉన్న మందు పని మొదలుపెడుతుంది. అదంతా ఎలుకలో! ఎలుక తొడలో, చర్మం కింద, గోరంత లోతులో. మనిషి పొట్ట మీద చేశామని మీకు ఎవరు చెప్పారు?"

"ఎలుకకి పనిచేసింది మనిషికి పనిచెయ్యదని ఎక్కడుందండీ?"

"చేస్తుందని ఎవరన్నారు?"

"మీ నాన్నగారేనండీ," అన్నాడు గోపీనాథ్, ఎంతో మర్యాదగా. "మీ పరిశోధన ఫలించిందని చర్చిలో పెట్టిన కృతజ్ఞత కూడికలో మైకులో చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని విన్నానండీ. ఫొటో కూడా ఆరోజు పంచిన కరపత్రంలోదే. మా అమ్మాయి వెలుగుతో క్యాన్సర్‌ని చంపింది అన్నారు. ఎలుకని ఆయన అన్లేదండీ. కావాలంటే అడగండి."

బ్లెస్సీ సీసా తీసుకెళ్ళి వాష్‌బేసిన్‌లో ఒంపేసింది. ఫ్లెక్సీ సాయంత్రంలోగా దింపకపోతే పోలీసుల్ని తీసుకొస్తానంది. అతను అలాగేనండీ అన్నాడు. అత్త చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఆ చెయ్యి పుల్లలా తగిలింది.

గణపవరం బస్సులో హన్నమ్మ దారంతా మాట్లాడింది. రక్తం పడడం ఆగిందట. ఆకలి కూడా వేస్తోందట. కోయించుకుంటే కత్తి తగిలి క్యాన్సరు ఒళ్ళంతా పాకిపోద్దంట, గోపీనాథ్‌గారు చెప్పారట. బ్లెస్సీ కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుక్కుంది. ఇలాంటి గడ్డకి రక్తం ఒక్కోసారి దానంతట అదే ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. వాపు చూసి బలుపనుకునే లోకం ఇది. అనుకోవడం వరకైతే పరవాలేదు, దానికి ఫ్లెక్సీలు కూడా కడుతోంది.

నెహెమ్యా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన మేష్టారు. చర్చి సంఘానికి పెద్ద. జీవితంలో ఎవరి సొమ్మూ ముట్టనివాడని ఊరంతా చెప్పుకుంటుంది, అది నిజమే. కూతురు బస్సు దిగి వస్తుంటే ఎదురువచ్చి బ్యాగు అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"ఎలుక ఏమైంది నాన్నగారూ?"

"ఏ ఎలుకమ్మా?"

"కూడికలో మీరు చెప్పకుండా వదిలేసిన ఎలుక."

నెహెమ్యాకి అర్థమైంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పిల్లలకి జవాబు ఆలోచించుకునే టైము ఇవ్వడానికి ఆయన క్లాసులో అలాగే చేసేవాడు. ఇప్పుడు ఆ టైము తనకే కావలసి వచ్చింది.

"ప్రభువు సన్నిధిలో ఎలుకేంటమ్మా? పాస్టరుగారు ఉన్నారు, పక్క ఊళ్ళ నుంచి పెద్దలొచ్చారు. మైకు ముందు నిలబడి ఎలుక తొడ, ఎలుక గడ్డ అంటే ఏం బాగుంటుంది చెప్పు? కృతజ్ఞత చెప్పేటప్పుడు కాస్త పద్ధతిగా చెప్పాలి గదా."

"పద్ధతి కోసం ఎలుకని తీసేసి మనిషిని పెట్టారా?"

"మనిషి అని నేనన్లేదు. క్యాన్సర్ అన్నాను."

"వినేవాళ్ళకి ఎవరి క్యాన్సర్ గుర్తొస్తుందండీ? ఎలుకదా?" బ్లెస్సీ గొంతు వీధిలోకి వినిపించింది. పక్కింటి వాళ్ళు పని ఉన్నట్టు బయటికి వచ్చారు. "ఎనిమిదో తరగతి పిల్లలకి ప్రయోగం ఎలా రాయాలో చెప్పిన మనిషి మీరు. దేని మీద చేశారో రాయకపోతే సున్నా వేసేవారు. నాకే వేశారు ఒకసారి. ఇప్పుడు మీకు ఎవరెయ్యాలి?"

"అక్కే వెళ్తానంది," అన్నాడాయన నెమ్మదిగా. "అక్కడ నీ పేరుంది. నీ మీద నమ్మకంతో వెళ్ళింది."

"మరి షుగరని నాకెందుకు చెప్పారు?"

నువ్వు కంగారు పడతావని, అని గొణిగాడు. బ్లెస్సీ కంగారు పడదు, వద్దంటుంది. ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు. తెలిసే దాచాడు. కూతురి గొప్ప అక్క ఒంట్లో రుజువైతే చూడాలని ఆయనకి ఆశ. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఈ ఇంట్లో ఆ చెలగాటం పేరు మురిపెం.

ఆ సాయంత్రం బ్లెస్సీ ఏలూరు సర్జన్‌కి ఫోను చేసింది. ఆయన నాలుగు చీవాట్లు పెట్టి, సోమవారం పొద్దున్నే చేస్తాను, ముందురోజే తెచ్చి చేర్చండి అన్నాడు. రానన్నది హన్నమ్మే.

"సాక్ష్యం చెప్పేశానే," అంది. "పోయిన నెల గుళ్ళో, బల్లారాధన రోజు. దేవుడు నా మేనకోడలి చేతుల మీదుగా నన్ను స్వస్థపరిచాడని చెప్పాను. అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడెళ్ళి కోయించుకుంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ?"

ఆ సంఘంలో సాక్ష్యం అంటే మాటలు కాదు. చెప్పినవాళ్ళ పేరు పాస్టరుగారు ప్రార్థనలో ఎత్తుతారు, జబ్బుతో ఉన్నవాళ్ళు వచ్చి వాళ్ళ చెయ్యి తలమీద పెట్టించుకుంటారు. ఒకసారి చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరు. నొప్పి తిరగబెట్టినా నోరు మూసుకుని భరించినవాళ్ళు మాత్రం ఉన్నారు. అది తలుచుకుంటే బ్లెస్సీకి గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అరిచింది. కాళ్ళు పట్టుకుంది. మళ్ళీ అరిచింది. హన్నమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

తెల్లవారాక ఇంటి వెనక చేపల చెరువు గట్టు మీదికి అత్తని తీసుకెళ్ళింది. రెండేళ్ళ కిందట కొల్లేటి లోపల అక్రమంగా తవ్విన చెరువుల గట్లన్నీ ప్రభుత్వం పేల్చేసినప్పుడు, ఇది సరస్సు హద్దుకి ఇవతల ఉండి బతికిపోయింది. హన్నమ్మ మొగుడు ఒకప్పుడు ఇలాంటి చెరువులకే కాపలా. ఆయన పోయాక కొన్నేళ్ళు ఆవిడే మేత వేసింది.

"చెయ్యి పెట్టు," అంది బ్లెస్సీ.

ఆ పని హన్నమ్మకి కొత్త కాదు. నీళ్ళు ఎంత చిక్కగా ఉన్నాయో చూడటానికి చేపల రైతులంతా చేసేదే. గట్టు మీద గొంతుక్కూర్చుని చెయ్యి మెల్లగా ముంచుతారు. మోచెయ్యి మునిగినా అరచెయ్యి కనబడితే నీళ్ళు పల్చన. హన్నమ్మ ముంచింది. మోచెయ్యి ఇంకా పైనే ఉండగానే పచ్చటి నీళ్ళలో అరచెయ్యి మాయమైంది.

"ఇంత ఎండ కాస్తోంది. సూర్యుడే జానెడు నీళ్ళలోకి దిగలేకపోయాడు. ఆ గోపీనాథ్ లైటు నీ చర్మం, కొవ్వు, కండ దాటి పేగులోకి దిగుతుందా అత్తా? మన ఒళ్ళు ఈ నీళ్ళకంటే చిక్కన."

"మరి నీది దిగుద్ది గదా?"

"నాదీ అంత లోతు దిగదు. కాస్త లోతుకి పోయే కాంతి వేరే ఉంది, కంటికి కనపడదు. అందుకే దీపాన్ని ముందే అడుగున పెట్టి, గట్టు మీంచి వెలిగించాలని చూస్తున్నాం. మా నానో కణాలు ఆ దీపాలు. ఎలుకలో వెలిగాయి. ఎలుక ఎంతుంటుంది, నీ గుప్పెడు. మనిషి దాకా రావాలంటే ఇంకా ఎన్నేళ్ళు పడుతుందో నాకే తెలీదు. అసలు వస్తుందో రాదో కూడా తెలీదు."

హన్నమ్మ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"ఆ బాగైన ఎలుకల్ని ఏం చేశారు?"

బ్లెస్సీ తడబడింది. "చంపేశాం."

"బాగైన వాటినా?"

"కోసి చూడాలి గదా అత్తా. గడ్డ పైకి తగ్గినట్టుంటుంది. లోపల నిజంగా పోయిందో లేదో కోస్తేగాని తెలీదు."

హన్నమ్మ ముఖంలో రంగు మారింది. అది భయం అనుకుంది బ్లెస్సీ. భయం కాదు.

"నీకే కోస్తేగాని తెలీకపోతే, నా పొట్టలో బాగైపోయిందని వాడికెలా తెలిసిందే?" అంది. "కోయలేదు, ఫొటో తియ్యలేదు, రక్తం చూళ్ళేదు. పైన లైటేసి బాగైపోయిందన్నాడు. నేను వెళ్ళి మైకులో చెప్పాను!" కొంగు విదిలించి లేచింది. "వాడి దీపం ఆరిపోను! ఆ మాట నేనెందుకు అడగలేదే? ఎవడైనా చేప చచ్చిందంటే మొప్ప ఎత్తి చూసేదాన్ని. నా పేగు దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని పాట పాడుకున్నాను."

ఇంట్లోకి వస్తూనే తమ్ముడి ముందు నిలబడింది.

"ఏలూరు వెళ్తున్నాను. వెళ్ళేముందు రేపు గుళ్ళో నా సాక్ష్యం నేను దిద్దుకుంటాను. ముందు నీది నువ్వు దిద్దు."

"అక్కా, పాస్టరుగారితో విడిగా చెప్తాను. అందరి ముందూ ఎందుకు?"

"చెప్పింది అందరి ముందేగా? నీ మాట విని గూడెం వెళ్ళేది నేనొక్కదాన్నేనా? మన సంఘంలో పాపమ్మ తన మొగుణ్ణి కూడా బుధవారం అక్కడికి తీసుకెళ్తానంటోంది. నువ్వు చెప్పకపోతే నేను బండెక్కను. ఇక్కడే చస్తాను. అప్పుడు నా సమాధి మీద రాయించు, మా అమ్మాయి వెలుగుతో చచ్చిందని."

నెహెమ్యా ఆ రోజంతా అరుగు మీద దిగులుగా కూర్చున్నాడు. తండ్రి మీద జాలి కలగాల్సిన చోట బ్లెస్సీకి ఇంకా మంటగానే ఉంది. ఆయన దిగులు అక్క పేగు గురించా, రేపటి మైకు గురించా అని అనుమానం.

ఆదివారం గుడి నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చున్నారు. సాక్ష్యాల వేళకి నెహెమ్యా లేచి మైకు ముందుకెళ్ళాడు. ఇస్త్రీ పంచె, చేతిలో బైబిలు. గొంతు సవరించుకున్నాడు.

"ప్రియమైన సంఘమా, దేవుని కృపను బట్టి, మా అమ్మాయి పరిశోధన విషయంలో లోగడ నేను చెప్పినదానికి చిన్న సవరణ. అది ఇంకా ప్రాథమిక దశలోనే ఉంది. ఒక అల్పమైన జీవి మీద..."

"ఎలుక అను నెహెమ్యా!"

ఆడవాళ్ళ వైపు నుంచి హన్నమ్మ గొంతు. తలలన్నీ అటు తిరిగాయి. నెహెమ్యా మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"ఎలుక," అన్నాడు.

మైకు ఆ మాటని గుడి బయట వేపచెట్టు దాకా మోసుకెళ్ళింది. కుర్రవాళ్ళెవరో కిసుక్కుమన్నారు. ఆయన భయపడిన నవ్వు అదే. అది వినబడ్డాక ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు కాబోలు, గొంతు కాస్త గట్టిపడింది.

"తొడలో గడ్డ పెంచిన ఎలుక మీద చేసింది. మనిషి మీద కాదు. మా అమ్మాయి మనిషి మీద చెయ్యలేదు. ఆ సంగతి నాకు ఆనాడే తెలుసు. తెలిసి చెప్పలేదు."

హన్నమ్మ మైకు దాకా నడవలేక నిలబడిన చోటునుంచే మాట్లాడింది. "రక్తం ఆగితే రోగం పోయిందనుకున్నాను. దేవుడు అబద్ధం చెప్పలేదు. తొందరపడింది నేను. గడ్డ ఇంకా నా కడుపులోనే ఉంది, రేపు ఏలూరులో కోయించుకుంటున్నాను. గూడెం వెళ్ళేవాళ్ళు ఆగండి. పాపమ్మా, నీకే చెప్పేది."

సాక్ష్యం అయ్యాక అందరూ హల్లెలూయా అనడం ఆ గుడిలో అలవాటు. ఆ రోజు ఎవరికీ నోరు పెగల్లేదు. పాస్టరుగారు పాట నంబరు వెతుక్కుంటూ ఉండిపోయారు.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికి వచ్చి మాస్కు కిందికి లాక్కున్నాడు. గడ్డ మొత్తం తీసేశాం, పేగు కలిపాం అన్నాడు. బ్లెస్సీ ఊపిరి పీల్చుకునేలోపు మిగతాది చెప్పాడు. "పక్కన గ్రంథుల్లోకి పాకింది. లివర్ మీద ఒక మచ్చ కనపడుతోంది, అదేంటో చూడాలి. మందులు ఎక్కిద్దాం. ఎంతవరకు లొంగుతుందో ఇప్పుడే చెప్పలేను." నెహెమ్యా వైపు చూశాడు. "చెప్పిన తేదీకి తెచ్చి ఉంటే, మేష్టారూ, ఈపాటికి తీసేశాం, ఇంటికెళ్ళండి అనేవాణ్ణి."

నెహెమ్యా బెంచీ మీద కూలబడి తల వంచుకున్నాడు. బ్లెస్సీ దగ్గర ఆయన కోసం దాచిన మాటలు చాలా ఉన్నాయి. ఆ వంచుకున్న తల మీద కూడా ఆమెకి కోపం వచ్చింది. తల వంచుకుంటే మచ్చ పోతుందా? అయినా నోరు తెరిస్తే ఆగనని తెలిసి, గోడకి ఆనుకుని నిలబడింది.

అప్పుడే ఒకావిడ వరండా చివరినుంచి ఆమెనే చూస్తూ దగ్గరికి వచ్చింది. పేరు మంగాయమ్మట, ముదినేపల్లి దగ్గర వ్యవసాయం. చేతిలో స్కానింగ్ కవరు.

"ఏవండీ, గూడెం స్టేషన్ దగ్గర ఫ్లెక్సీలో ఉన్నది మీరే కదండీ?" అంది ఆశగా. "మా ఆయనకి లివర్‌లో గడ్డండీ. ఇక్కడ కోస్తామంటున్నారు. మీరు వెలుగుతో బాగుచేస్తారంట కదండీ? కోయించకుండా అక్కడికే తీసుకెళ్దామనండీ."

అలాగేనండీ అన్న గోపీనాథ్ ఫ్లెక్సీ దింపలేదు. బ్లెస్సీకి ఒళ్ళు మండిపోయింది. జవాబు చెప్పబోయేంతలో బెంచీ మీద నుంచి నాన్న లేచాడు.

"ఎలుకకమ్మా!" అన్నాడు.

మంగాయమ్మ అర్థం కాక చూసింది.

"ఎలుకకి! మా అమ్మాయి బాగుచేసింది ఎలుకని. మనిషిని కాదు. నీకెవరు చెప్పినా నమ్మకు. వాళ్ళకి చెప్పింది నేనే, నేనే ఎలుకని దాచిపెట్టాను. అదిగో, ఆ తలుపు వెనకాల మా అక్క ఉంది, వెళ్ళి చూడు. నీ మొగుణ్ణి గూడెం తీసుకెళ్ళకు. ఇక్కడే కోయించు, ఇవాళే అడుగు."

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. నర్సు పరుగున వచ్చి, మేష్టారూ, ఇది ఆస్పత్రి, మెల్లగా మాట్లాడండి అంది. నెహెమ్యా ఆమె వైపు తిరిగి, నీకూ చెప్తున్నాను, ఎలుకకి అన్నాడు, ఇంకా గట్టిగా.

బ్లెస్సీ ఆయన్ని ఆపలేదు.